గుడ్డు వేయని బిస్కెట్లు

మైసూరు రాష్ట్రం పేరు కర్ణాటకగా మారిన ఆ రోజుల్లో మా బీదర్‌లో పిల్లలకు దిష్టి తగిలేది, గాలి సోకేది, పురుగు ముట్టేది. తిండి పడకపోవడం మాత్రం ఎవరికీ ఉండేది కాదు. ఆ ఘనత మా ఇంటికే దక్కింది. ఏడాది నిండిన మా పాపకు మా అత్త ఉడికిన గుడ్డు పెట్టగానే ఒళ్ళంతా దద్దుర్లు లేచి పెదవి ఉబ్బింది. (అత్త అంటే నా భార్య తల్లి. నాకు సొంత మేనత్త కూడా కాబట్టి అల్లుడి మర్యాద నాకు ఏనాడూ దక్కలేదు. తన ఊరు హళ్ళిఖేడ్ నుంచి పది రోజులకని వచ్చి ఏడాదైనా కదల్లేదు.) డాక్టరు సూది వేసి, "ఇగ గుడ్డు ఏ రూపంల గూడ ముట్టియ్యొద్దు. కొత్తది పెడితే ఒక్కసారికి ఒక్కటే, జరంత పెట్టి, మూడు రోజులు చూడుండ్రి" అన్నాడు. నేను అరటిపండు, పెసరకట్టు, మైదా రొట్టె అంటూ ఒక్కోటీ కాలెండరు మీద రాసి మూడేసి రోజులు కాపలా కాశాను. "మావోడు బిడ్డకు బువ్వ పెడుతలేడు, పరీక్ష పెడుతుండు" అని అత్త వీధంతా చెప్పుకొచ్చింది. నేను మరిచిపోలేదు.

పాప రెండో పుట్టినరోజుకు బిస్కెట్లు చేయిద్దామనుకున్నాను. మా ఊళ్ళో మైదా, చక్కెర, డాల్డా, గుడ్లు ఇంటి నుంచే తీసుకెళ్ళి బిస్కెట్లు కాల్చే భట్టీలో ఇస్తే, కలిపి కాల్చి మన డబ్బా నింపి ఇస్తారు. మా వీధి భట్టీ ఆయనను అందరూ చాచా అనేవారు. గుడ్లు తప్ప అన్నీ నా చేత్తో తూచి ఆయనకిచ్చి ఆఫీసుకు వెళ్ళాను. గుడ్లే ఇవ్వనప్పుడు గుడ్లు ఎక్కడి నుంచి వస్తాయని నా ధీమా.

సాయంత్రం పాప సగం బిస్కెట్ తిన్నదో లేదో, అవే దద్దుర్లు, అదే పెదవి. వెనక భార్యను, ఆమె ఒళ్ళో పాపను కూర్చోబెట్టుకుని ఆస్పత్రి దాకా నేను సైకిల్ తొక్కిన తొక్కుడు ఇప్పటికీ మోకాళ్ళకు గుర్తే. డాక్టరు మళ్ళీ సూది వేసి, "గుడ్డు పెట్టిండ్రా?" అన్నాడు. "లేదు సార్, నేనే తూచిన!" అంటే, ఆయన నన్ను చూసిన చూపు ఉందే, అబద్ధాల పిల్లవాణ్ణి పంతులు చూసినట్టుంది. పాప కుదుటపడి ఇంటికి వచ్చాక అత్త తీర్పు చెప్పింది. "గుడ్డు లేకున్నా దద్దుర్లు లేసినయంటే గుడ్డుదేం తప్పురా? ఏడాది సంది ఉత్తగ బద్నాం చేస్తివి. రేపు పొద్దుగాల నేనే ఉడకేసి పెడ్త." నా భార్య కూడా నమ్మేలా ఉంది.

మర్నాడు పొద్దున్నే, అత్త పొయ్యి అంటించకముందే, భట్టీకి పరుగెత్తాను. చాచా నన్ను చూసి మురిసిపోయాడు.

"బిస్కెట్లు మస్తుగొచ్చినయి గద సాబ్? గుడ్లు మర్చిపోయిండ్రు మీరు. బిడ్డ పుట్టిన్రోజంటిరి, గట్లనే ఎట్ల చేస్త? మా ఇంటి కోళ్ళవే నాలుగేసిన. పైసలొద్దు!"

ఏడవాలో మొక్కాలో నాకు తెలియలేదు. సంగతి చెబితే ఆయన "తౌబా, తౌబా" అని చెంపలు వేసుకుని, చేతి పిండి కూడా కడుక్కోకుండా నా వెంట ఇంటికి వచ్చి సాక్ష్యం చెప్పాడు. అత్త అంతా విని, "ఎంత మంచి మనిషో!" అని ఆయనకు చాయ్ పోసి, నా వైపు తిరిగింది. "వద్దని ఒక్క మాట చెప్పరాదురా? నోట్ల నాలిక లేదా?" గుడ్డు ఉడకలేదు, నా గెలుపు అంతవరకే. క్షమాపణ ఆ రోజూ రాలేదు, తర్వాతా రాలేదు.

అప్పటి నుంచి చాచా మా పిండికి గిన్నె వేరు, కాల్చే రేకు వేరు పెట్టాడు. దానికి సంతోషమే. కానీ నేను కనబడితే చాలు, "గుడ్లొద్దనే సాబొచ్చిండు! చేతులు కడుక్కోండ్రి!" అని తన పనివాళ్ళకు వీధి వినేలా అరిచేవాడు. ఆ పేరు ఆఫీసు దాకా పాకింది. "నా పేరు పెట్టి పిలువు చాచా" అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో.

పాప బడికి వెళ్ళే వయసులో డాక్టరు ఆస్పత్రిలోనే ఎదురుగా కూర్చోబెట్టుకుని కొంచెం కొంచెంగా గుడ్డు తినిపించి చూశాడు. ఏమీ కాలేదు. ("నేను అప్పుడే చెప్పలే?" అంది అత్త.) మొన్న ఆ పాపే తన కూతురి పుట్టినరోజని నన్ను అదే భట్టీకి తీసుకెళ్ళింది. చాచా ఇప్పుడు లేడు. అక్కడున్న కొత్తాయన "గుడ్లు తెచ్చిండ్రా?" అని అడిగితే, మా అమ్మాయి చేతిలో డజను గుడ్లు ఉండగానే, నా నోరు "గుడ్లు వద్దు, రేకు వేరే పెట్టండి" అనేసింది. అమ్మాయి పకపకా నవ్వింది. నేనూ నవ్వాను గానీ, లోపలి నుంచి ఎవరైనా ఆ పాత పేరు పెట్టి అరుస్తారేమోనని కాసేపు అక్కడే నిలబడ్డాను.