మంచినీళ్ళతో కడిగిన బండి

మా వైపు ఎవరైనా పాత బండి కొంటే పక్కనున్నవాళ్ళు ఒక మాట అంటారు. "రేవులో కొన్న బండి కాదు గదా?" అని. పైకి మెరుస్తూ లోపల తుప్పు పట్టిన సరుకు కాదు గదా అని దాని అర్థం. ఈమధ్య తడలో ఫ్యాక్టరీ డ్యూటీ దిగి కంపెనీ బస్సులో ఇంటికి వస్తుంటే, వెనక సీట్లో ఇద్దరు కుర్రాళ్ళు ఈ మాట అనుకుని నవ్వుకున్నారు. అది ఎక్కడ పుట్టిందో వాళ్ళకు తెలియదు. దాన్ని పుట్టించింది నేనే. కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాను. నిద్ర రాలేదు. ఇన్నేళ్ళుగా ఆ మాట విన్నప్పుడల్లా ఊరికే ఉండిపోయాను. ఊరికే ఉండటం కూడా అలుపే.

ఆ మాట అబద్ధం. ఆ బండి మంచి బండి. అది ఎలా పాడయిందో, ఆ మాట ఎవరి పేరు పాడు చేసిందో రాస్తాను.

చాలా ఏళ్ళ కిందటి సంగతి. నాకు అప్పుడే ఉద్యోగం వచ్చింది. మాది చిట్టమూరు వైపు వరి పండించుకునే కుటుంబం. క్రూజర్ బండి మా చుట్టుపక్కల ఎవరికీ లేదు. పొడుగ్గా, నేలకు దగ్గరగా, కొమ్ముల్లా విచ్చుకున్న హ్యాండిల్‌తో, కాళ్ళు ముందుకు చాపుకుని కూర్చునే బండి అది. మాకు దగ్గర్లోని ఉప్పునీళ్ళ సరస్సు ఒడ్డున, రేవు ఉన్న ఒక జాలరుల ఊళ్ళో అమ్మకానికి ఉందని తెలిసి వెళ్ళాను. అమ్మే మనిషి నాకంటే పదేళ్ళు పెద్ద. కొన్నాళ్ళు మద్రాసు హార్బరులో పనిచేసి, అక్కడ మోజుపడి కొనుక్కున్నాడు. ఇప్పుడు పడవకు ఇంజను కావాలని అమ్ముతున్నాడు. ఆయన్ను అన్నా అని పిలిచాను. ఆయన నన్ను సామీ అన్నాడు.

ఆయన పడవ ఎండలో ఉంది, బండి తాటాకుల పంచలో నీడన ఉంది. అది చూసే నాకు నమ్మకం కలిగింది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని నన్నూ కూర్చోమన్నాడు.

"పైపైన చూడబాక సామీ. కింద చెయ్యి పెట్టి చూడు. ఈ ఉప్పుగాలిలో ఉండి ఒక్క తావ తుప్పుందా?"

"లేదన్నా. ఎట్ట?"

"మంచినీళ్ళు. రోజూ మాపున తాగే నీళ్ళతో కడగతా. బోరు నీళ్ళు తగలనీను. మన కాడ బోరులో వచ్చేదీ ఉప్పే గదా. కడిగినామని మనం అనుకుంటాం, ఉప్పు పూసి వస్తాం అంతే."

నేను నవ్వాను. "తాగే నీళ్ళు బండికా? మా ఇంట్లో తెలిస్తే బండినీ నన్నూ కలిపి బయటికి తోస్తారు."

"నవ్వబాక. పెట్రోలు లేకపోతే బండి ఆగతాది, అంతే. మంచినీళ్ళు లేకపోతే విరగతాది."

ఆయన భార్య అప్పుడే ట్యాంకరు దగ్గర్నుంచి వచ్చింది. నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందె. గడపలో ఆగి, "ఆ నీళ్ళు మోసేది ఎవురో కూడా చెప్పు" అంది. ఆయన సిగ్గుపడి నవ్వాడు. నేనూ మళ్ళీ నవ్వాను. ఆమె నవ్వలేదు.

బండి ఇంటికి తెచ్చినప్పుడు మా నాన్న దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఏందబ్బా, పడక్కుర్చీకి చక్రాలు తగిలించినట్టుండాది" అన్నాడు. వీధిలో అందరూ నవ్వారు. నాకు ఆ నవ్వు కూడా గొప్పగానే తోచింది.

చుట్టూ రొయ్యల గుంటలు వచ్చాక మా ఊరి బోరు నీళ్ళూ చప్పరించలేనంత ఉప్పగా మారాయి. గిన్నెలకూ గొడ్లకూ అవే. తాగడానికి మాత్రం బడి దగ్గర కొళాయి నుంచి అమ్మ మోసుకొచ్చేది. ఆ నీళ్ళు బండికి అడగడానికి నాకు నోరు రాలేదు. పోనీ నేనే ఒక బిందె మోయవచ్చు. మగపిల్లవాడు బిందె ఎత్తుకుని వీధిలో నడవడం మా ఇళ్ళలో లేదు. క్రూజర్ బండి ఉన్నవాడు అసలే నడవడు. అందుకని రోజూ సాయంత్రం వాకిట్లో, అందరూ చూస్తుండగా, బోరు పైపు పెట్టి బండి కడిగేవాణ్ణి. గుడ్డతో తుడిచి మెరిపించేవాణ్ణి. ఎవరూ వేలెత్తి చూపలేనంత శ్రద్ధగా, ఉప్పునీళ్ళతో.

ఎండాకాలం సరస్సు ఎండిపోతే శ్రీహరికోట రోడ్డు పక్కనంతా తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. స్నేహితులతో కలిసి ఆ ఉప్పు మీద బండి నడిపాను. పైపొర పగిలి చక్రం దిగబడితే కింద నల్లటి బురద. ఇంజను దాకా పూసుకుని ఇంటికి వచ్చి మళ్ళీ అదే పైపు పెట్టాను. అన్న చెప్పిన మాట గుర్తు రాలేదని అనలేను. వచ్చింది. రేపు చూద్దాం అనుకున్నాను.

వానలు పడి నాట్లు మొదలైన రోజుల్లో మా మేనమామను వెనక కూర్చోబెట్టుకుని పొలానికి పోతుంటే సీటు కింద గొట్టం రెండుగా విరిగింది. నాకు గీరుకుపోయింది. మామకు భుజం ఎముక విరిగింది. మెకానిక్కు ఆ విరిగిన గొట్టాన్ని వేలితో నొక్కితే పొడి రాలింది. "ఇది ఇనుము కాదన్నా, అప్పడం" అన్నాడు.

మామ కట్టు కట్టించుకుని మంచం మీద కూర్చుని, "నిన్ను నిలువునా ముంచినాడబ్బా ఆ రేవోడు" అన్నాడు. అక్కడ నేను కాదని ఉంటే సరిపోయేది. నొప్పితో ఉన్న మామ ముందు, అన్ని డబ్బులు పోశాడని సణిగే నాన్న ముందు, తప్పు నాదని చెప్పడానికి ధైర్యం చాలలేదు. అవునన్నాను. ఎంతో సులువుగా వచ్చింది ఆ మాట.

ఆ జాలరుల ఊళ్ళో తగవులు పోలీసు స్టేషను దాకా పోవు. వేటకు పోని రోజున వలల పంచ ముందు టార్పాలిన్ పట్ట పరిచి పెద్దలు కూర్చుంటారు. వాళ్ళు చెప్పిందే తీర్పు. అక్కడ అబద్ధమాడితే దొంగతనం కన్నా పెద్ద తప్పు. ఎందుకంటే సరస్సులో ఎవరు ఏ చోట, ఏ రోజు వల వేయాలో వంతులు నడిచేది నోటి మాట మీదే.

తుప్పు పట్టిన బండి అంటగట్టాడని చెప్పుకోవడానికి మామ చేతికట్టుతో, నేను ఇస్త్రీ చొక్కాతో వెళ్ళి నిలబడ్డాం. అన్న పెద్దల ముందు చేతులు కట్టుకుని, "నీళ్ళ సంగతి ఈ అబ్బయ్యకి చెప్పే ఇచ్చినా" అన్నాడు.

అందరికంటే పెద్దాయన నా వైపు తిరిగాడు. "ఏమబ్బా, చెప్పినాడా?"

"చెప్పలా" అన్నాను.

అన్న నన్ను చూశాడు. కోపం చేసుకోలేదు. "మరిచిపోయినావేమో సామీ. బాగా గుర్తు తెచ్చుకో" అన్నాడు. తప్పించుకోవడానికి నాకు దారి ఇచ్చాడని ఆ క్షణంలోనే తెలిసింది. మరిచిపోయానని ఒక్క మాట అంటే ఇద్దరి పరువూ నిలిచేది.

"చెప్పలా" అన్నాను మళ్ళీ.

వెనక ఆడవాళ్ళలో నుంచి ఆయన భార్య ముందుకు వచ్చింది. "అయ్యా, ఆ రోజు నేను గడపలోనే..." అంటుండగానే ఎవరో, "ఆడోళ్ళు మాట్లాడే తావా ఇది? ఎనక్కి పో" అని కసిరారు. ఆమె ఆగిపోయింది.

బండి తిరిగి తీసుకుని డబ్బు ఇచ్చేయమన్నారు. పెద్దల ముందు అబద్ధమాడినందుకు ఆ రొయ్యల కాలమంతా ఆయనకు సరస్సులో వంతు లేదన్నారు. పడవకు కొన్న ఇంజను అమ్మి నా డబ్బు నాకు ఇచ్చాడు. తరవాత మద్రాసు పోయి వేరేవాళ్ళ పడవల మీద కూలికి చేరాడని విన్నాను. నేను ఇంకో బండి కొనుక్కున్నాను. రేవులో కొన్న బండి కథ మాత్రం పెళ్ళిళ్ళలో, టీకొట్ల దగ్గర, ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో చెబుతూ వచ్చాను. చెప్పిన ప్రతిసారీ బాగా కుదిరేది. జనం నవ్వేవారు. నవ్వడం మానేసింది నేనే, ఎప్పటి నుంచో సరిగా తెలియదు.

బస్సులో ఆ మాట విన్న వారం ఆ ఊరికి పోయాను. ఇప్పుడు నాది మామూలు స్కూటరు. నడుం నొప్పికి డాక్టరు అదే నడపమన్నాడు. మద్రాసు నుంచి ఎప్పుడో తిరిగొచ్చిన అన్న వలల పంచలో కూర్చుని చిరిగిన వల అల్లుతున్నాడు. తల పూర్తిగా నెరిసింది. నన్ను గుర్తుపట్టి, "కూర్చో సామీ" అన్నాడు. అంతా చెప్పాను. దారం ఆగలేదు.

"నాకు చెప్పి ఏం లాభం? నేను చెప్పిన సంగతి నాకు తెలుసు గదా" అన్నాడు.

"ఆ పెద్దలు ఉండారా అన్నా?"

"ఒకరిద్దరు."

"వాళ్ళకు గుర్తుంటాదా?"

"నేను అబద్ధమాడినానని ఊరంతటికీ గుర్తుండాది. ఏం అబద్ధమో ఎవురికీ గుర్తు లేదు."

ఆయన ఈడు వాళ్ళంతా ఇప్పుడు పెద్దల వరసలో కూర్చుంటారు. ఆయన్ను ఒక్కరూ పిలవలేదు. ఆ సంగతి ఆయన చెప్పలేదు, టీకొట్టులో తెలిసింది.

వేటకు పోని రోజు చూసి మళ్ళీ వెళ్ళాను. అదే పంచ, కొత్త పట్ట. నిలబడి చెప్పాను. ఆయన నీళ్ళ సంగతి చెప్పాడనీ, నేను విని నవ్వాననీ, ఇక్కడే రెండుసార్లు లేదన్నాననీ. గొప్పగా ఏమీ అనిపించలేదు. బరువు దించుకున్నట్టూ లేదు. నిలబడి నిలబడి నడుం లాగింది. పెద్దల్లో ఒకాయన ఆవులించి, "ఇప్పుడెందుకబ్బా ఇదంతా? ఆ బండీ లేదు, ఆ తీర్పు చెప్పినోళ్ళలో మిగిలింది ఒకరిద్దరే. నువ్వేమంటావయ్యా?" అని అన్నను అడిగాడు.

"నన్నడగబాకండి. నేను అప్పుడే చెప్పినా" అన్నాడు అన్న. "ఆమెనడగండి."

పెద్దలు ఆయన భార్య వైపు తిరిగారు. ఈసారి ఎవరూ కసరలేదు. ఆమె పంచ బయట ఎండలో నిలబడి ఉంది.

"అడిగేదేముండాది?" అంది. "బండికి బిందెలు మోసింది నేను. దినామూ మోసినా. ఈ అబ్బయ్య నా ముందరే నవ్వినాడు. అప్పుడు అడిగుంటే అప్పుడే చెప్పుండేదాన్ని."

ఆవులించిన పెద్దాయన పట్ట మీద కొంచెం పక్కకు జరిగాడు. "ఇట్ట రా. వచ్చి కూర్చో" అన్నాడు అన్నతో. అన్న వెంటనే కదలలేదు. ఆ ఖాళీని చూస్తూ ఉండిపోయాడు. తరవాత పక్కవాడి భుజం పట్టుకుని, మోకాళ్ళు వంగక, మెల్లగా ఒరిగి కూర్చున్నాడు.

ఆమెను ఎవరూ కూర్చోమనలేదు. ట్యాంకరు హారను వినబడితే పక్కనున్న బిందె చంకనెత్తుకుని అటు పోయింది.