స్కూటర్‌తో పాటు లారీ ఎక్కాను

పోలీసులు నన్ను లారీలో ఎక్కించుకుపోయారని అనంతపురంలో ఒక వదంతి తిరుగుతోంది. అది శుద్ధ అబద్ధం. నేనే ఎక్కాను.

ఈ ఉదయం మార్కెట్ దగ్గరి స్టాండులో డబ్బు కట్టి, చీటీ తీసుకుని, తాడు లోపల స్కూటర్ నిలిపాను. కూరగాయలు కొని వచ్చేసరికి నా చోట ఎవరిదో జీపు ఉంది. నా స్కూటర్ ట్రాఫిక్ వారి లారీ మీద ఉంది. పక్కనున్న ఎర్రగడ్డల బస్తాల మీదుగా లారీ ఎక్కి, నా స్కూటర్ మీదే కూర్చున్నాను.

“దిగవ్వా, పడతావు! జరిమానా కట్టి బండి తీస్కపో,” అన్నాడు కానిస్టేబుల్.

“తప్పు నాదైతే కడతా నాయనా. తాడు లోపలే పెట్టినా, ఇదో చీటీ. రోడ్డు మీదికెట్లొచ్చిందో ఈయప్పనడుగు.”

స్టాండు మనిషి తల గోక్కున్నాడు. “లీడరన్న జీపొచ్చింది సార్. రోంత బయటికి జరిపినా.”

“అట్లయితే నువ్వే దించు,” అన్నాడు కానిస్టేబుల్ నవ్వాపుకుంటూ.

స్కూటర్‌ను అతనొక్కడే దించాడు. నన్ను దించడానికి మాత్రం ఇద్దరు కావలసి వచ్చారు. వదంతి అక్కడ పుట్టి ఉంటుంది.

ఈ వయసులో ఇక ఆటోలో తిరగమని తమ్ముడూ మరదలూ సాయంత్రం నుంచి బోధిస్తున్నారు. మీరేమంటారో రాయండి, శ్రద్ధగా చదువుతాను. గొలుసూ తాళమూ మాత్రం వచ్చే దారిలోనే కొనేశాను. రేపు అదే స్టాండులో, వారి బోర్డు స్తంభానికే కడతాను.