పానకం కారు

ఈమధ్య ఒకే వారంలో నా ఫోనుకు రెండు ఫొటోలు వచ్చాయి. ఒకటి మైదుకూరు నుంచి మా తమ్ముడి కొడుకు పంపింది, రెండోది బెంగళూరు నుంచి మా అల్లుడి స్నేహితుడు పంపింది. రెండింటిలోనూ ఉన్నది మా నాయన కారేనని ఇద్దరూ నొక్కి చెప్పారు గానీ, కళ్ళద్దాలు తుడుచుకుని ఎంతసేపు చూసినా నాకు మా కారు రెండింటిలోనూ కనపడలేదు. మొదటి దానికి అడుగున ఊదారంగు దీపాలు, వెనక మనిషెత్తు స్పీకర్లు, పిల్లవాడు కంప్యూటర్లో అతికించిన కొత్త చక్రాలు. రెండోది నల్లగా నిగనిగలాడుతూ, నెత్తిన టాపుతో, ఏ దొరగారి బంగళా ముందో నిలబెట్టినట్టుంది. టాపు ఎక్కడిది, నా తల్లీ! నాకు ఊహ తెలిసేనాటికే మా నాయన దాన్ని ఆక్సా బ్లేడుతో కోయించి, ఆ రేకును మా బర్రెల కొట్టానికి కప్పేశాడు.

విషయం ఏమిటంటే, అవి మా కారును ఎట్లా మార్చాలనుకున్నారో చూపడానికి కంప్యూటర్లో చేసిన బొమ్మలు. మా తమ్ముడి కూతురికి పెళ్ళి కుదిరింది. ఆ పెళ్ళికి పాత కారును బయటికి తీసి, పాత ఇంజనూ గేరూ పీకేసి, క్లచ్చి తొక్కే పని లేకుండా నడిచే కొత్త ఇంజను పెట్టించి, ఆ తరవాత దాన్ని పెళ్ళిళ్ళకు తిప్పుతూ బతకాలని మా తమ్ముడి కొడుకు ఆశ. బెంగళూరు అబ్బాయిదేమో పాత కార్లను కంపెనీలోంచి వచ్చిన రోజు ఎట్లా ఉన్నాయో అట్లా తయారు చేసి దాచుకునే పిచ్చి. నాయన పోయేముందు ఇంటిని తమ్ముడికి, కారును మా అక్కకూ నాకూ అని నోటిమాటగా చెప్పి పోయాడు కాబట్టి, ఆ ముక్క తేల్చాల్సింది మేమిద్దరం. నిజం చెప్పొద్దూ, నాకు బెంగళూరు ఫొటో వైపే మనసు లాగింది. మంచి కారును నాయన ఖరాబు చేశాడన్న మాట మా అమ్మ నోట చిన్నప్పటి నుంచీ విని ఉన్నాను మరి.

మన ఈడువాళ్ళకు మెరవణి సంగతి చెప్పనక్కర్లేదు. పెళ్ళికొడుకునూ పెళ్ళికూతురునూ పూలకారులో కూర్చోబెట్టి, ముందు డోళ్ళూ సన్నాయీ, పక్కన హారతి పళ్ళాలు పట్టుకున్న ఆడపిల్లలూ, వెనక బంధువులూ నడుస్తుంటే, పొద్దు వాలే వేళ ఊరంతా ఒక చుట్టు తిప్పేవాళ్ళు. ప్రతి ఇంటి ముందూ ఆగాలి, ప్రతివాళ్ళూ బొట్టు పెట్టి బియ్యం చల్లాలి. కడప, కర్నూలు రోడ్డు మీద లారీ తోలి తోలి విసిగిపోయిన మా నాయన, కర్నూలు పాతబస్తీలో ఒక సాహెబుగారి ఇంటి వెనక దుమ్ము కొట్టుకుని పడున్న ఈ అమెరికా కారును చూసి, ఇది మెరవణికి పనికొస్తుందని పట్టుకొచ్చాడు. పెట్రోలు తాగే ఇంజను తీసి డీజిలు ఇంజను పెట్టాడు, టాపు కోశాడు, వెనక సీటును సింహాసనంలాగా ఎత్తు చేశాడు. మా అమ్మ మాత్రం ఆ కారును చూసిన ప్రతిసారీ తల గోక్కోవాలో కొట్టుకోవాలో తెలియనట్టు నిలబడేది.

మొదటి పెళ్ళి మైదుకూరు పక్క పల్లెలో. మంచి ఎండాకాలం. నన్ను నాయన తన పక్కన ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నాడు, ఒళ్ళో నీళ్ళ చెంబు పెట్టి. అక్కను కూడా ఎక్కమన్నాడు గానీ ఆమె ఎక్కలేదు. చిన్నప్పుడు జ్వరం వచ్చి అక్కకు ఎడమకాలు సన్నబడిపోయింది, నడిస్తే ఒక పక్కకు ఒరిగేది. అయినా తన ఈడు పిల్లలంతా పళ్ళాలు పట్టుకుని నడుస్తుంటే తను మాత్రం కారులో కూర్చోవడం ఆమెకు నామోషీ. కొత్త పరికిణీ కట్టుకుని, పళ్ళెంలో దీపం వెలిగించుకుని, కారు పక్కనే బయలుదేరింది.

ఆ కారు పరుగెత్తడానికి పుట్టింది గానీ నడవడానికి కాదు. మొదటి గేరులో కూడా మనిషి నడక కంటే ముందుకు దూకేది. నాయన క్లచ్చి తొక్కి ఆపితే ఎగిరి పడేది, వదిలితే డోళ్ళవాళ్ళ మడమల మీదికి పోయేది. పాపం, డోళ్ళవాళ్ళు డోలు వాయిస్తూ పరుగు, సన్నాయి ఆయనకు ఊపిరి చాలక రాగం ఎక్కడికో పోయింది. పెళ్ళికూతురు ఒక చేత్తో తల్లో పూలు, ఇంకో చేత్తో మొగుడి భుజం పట్టుకుని కూర్చుంది. సగం ఊరు తిరిగేసరికి రేడియేటరు బుసకొట్టి ఆవిరి చిమ్మింది. నా చెంబులో నీళ్ళు ఏ మూలకు? ఊరి బావిలో నీళ్ళు అడుగంటి ఉన్నాయి. ఇంతలో పెళ్ళికొడుకు మేనమామ, మంచి హుషారు మనిషి, ఎదురుకోలుకు కలిపి పెట్టిన పానకం గంగాళం నుంచి బిందె ముంచుకొచ్చి, మా నాయన వద్దప్పా వద్దప్పా అని అరుస్తూనే ఉండగా, గడగడా రేడియేటరులో పోసేశాడు.

అబ్బ, ఆ వాసన ఏం చెప్పను! ఊరంతా బెల్లం పాకం మాడిన వాసన. కారు నిలిచిపోయింది, పెళ్ళివారు ఎద్దులు కట్టి మిగతా ఊరు తిప్పారు. ఆ తరవాత ఎన్నాళ్ళో మా ఇంటి ముందు చీమల బారులు. బానెట్టు ఎత్తితే చీమలు, సీటు కింద చీమలు, నాయన చొక్కా జేబులో చీమలు. మైదుకూరులో చిన్నా పెద్దా అందరూ దానికి పానకం కారని పేరు పెట్టేశారు, ఆ పేరే నిలిచిపోయింది.

ఆ గలాటాలో అక్కను ఎవరూ పట్టించుకోలేదు. కారు దూకుళ్ళకు అందరితోపాటు పరుగెత్తలేక వెనకబడిపోయి, తెలియని వాళ్ళింటి అరుగు మీద ఒక్కతే కూర్చుంది. అంతా అయ్యాక నాయనా నేనూ వెతుక్కుంటూ పోతే, ఒళ్ళో పళ్ళెం, అందులో ఆరిపోయిన దీపం. ఏడవలేదు. నాయన ఆమెను ఎత్తుకుని తెచ్చి ఎద్దులు కట్టిన కారులో కూర్చోబెట్టాడు.

ఆ వారమే నాయన లారీ రేడియేటరు ఒకటి తెచ్చి బిగించాడు. అంతటితో ఆగితే బాగుండేది, అమ్మకు కాస్త మనశ్శాంతి ఉండేది. ఎక్కడో పాత ఇనుములో పడున్న మిలిటరీ బండి గేరుబాక్సు ఒకటి మోసుకొచ్చి, ఉన్న గేరుబాక్సు వెనక దాన్నీ తగిలించే పనికి పూనుకున్నాడు. మామూలు గేరు కడ్డీ పక్కన దానికి విడిగా ఇంకో చిన్న కడ్డీ. ఆ రెండో కడ్డీ వెనక్కి లాగితే కారు ఎంత నెమ్మదిగా పోతుందంటే, దారిలో పడుకున్న దూడ కూడా దాన్ని చూసి లేవదు. ఒకసారి పళ్ళచక్రం మార్చడం, వీధిలో నడిపి చూడడం, మళ్ళీ విప్పడం. నడిపి చూసిన ప్రతిసారీ అక్కను ముందు నడవమనేవాడు. కోళ్ళనూ పిల్లలనూ పక్కకు తోలడానికని నేను అనుకునేదాన్ని. అక్క విసుక్కుంటూ వీధి చివరి బొరుగుల అంగడిదాకా పోవడం, రావడం, వెనకనే నాయన కారు గుర్రుమంటూ పాకడం.

ఇక ఆ తరవాత పానకం కారు లేని పెళ్ళి మా చుట్టుపక్కల లేదు. కర్నూలు కాలేజీలో నాతో చదివిన పిల్లలు వాళ్ళ అన్నల మోటారు సైకిళ్ళ వేగం గురించి గొప్పలు పోతుంటే, మనిషి నడిచి దాటిపోయే కారు మాదని చెప్పుకోవడానికి నాకు ప్రాణం పోయేది. అక్క మాత్రం ప్రతి మెరవణికీ కారు పక్కన, కుడి మడ్‌గార్డు దగ్గర, పళ్ళెం పట్టుకుని నడిచింది. ఒక్క అక్క పెళ్ళికి మాత్రం నాయన ఎందుకో ఆ రెండో కడ్డీ వేయనేలేదు. మామూలు గేరులో ఉరికించాడు. డోళ్ళవాళ్ళు మళ్ళీ పరుగు. కూతురి పెళ్ళి సంబరంలో మతి తప్పిందిలే అని అందరూ నవ్వుకున్నారు, నేనూ నవ్వాను.

సరే, పోయిన నెల కర్నూలు నుంచి బస్సెక్కి మైదుకూరు పోయాను. బెంగళూరు అబ్బాయి కూడా వచ్చాడు. మంచి పిల్లవాడు, తెల్ల ప్యాంటు మాస్తుందని కూడా చూడకుండా కొట్టంలో కారు కిందికి దూరి, టార్చి వేసి అంతా చూసి, ఆశ్చర్యపోతూ బయటికొచ్చాడు. లోకంలో బండి మార్చేవాళ్ళంతా వేగం పెరగడానికి మారుస్తారు గదమ్మా, ఈయన తగ్గించడానికి ఇంత కష్టపడ్డాడేమిటని అడిగాడు. నేను పానకం కథ చెప్పి, రేడియేటరు కాగకుండా ఉండాలని చేసిన పని అది, మీరు తీసేసినా ఫర్వాలేదన్నాను. మా తమ్ముడి కొడుకు కూడా సందు దొరికిందని అందుకున్నాడు.

“నేను చెప్తాండేది అదే గదత్తా. ఆ రెండో గేరుతో ఈ కాలంలో యాడ పనుండాది? మొత్తం పీకేసి కొత్తది పెడితే శానా బాగుంటాది.”

కొట్టం గుమ్మంలో డ్రమ్ము మీద కూర్చుని, కారుకు చుట్టాల్సిన పూలదండల కొలత చూస్తున్న మా అక్క పకపకా నవ్వింది.

“రేడియేటరు కోసమని నీకెవురు చెప్పినారే? పెద్ద రేడియేటరు ముందే పెట్టినాడు గదా. దానికీ దీనికీ ఏం సంబందం?”

మరి దేనికని అడిగాను.

“నాకోసరం,” అంది అక్క, దండ మీంచి చూపు తీయకుండానే. “ఆ పొద్దు నన్ను అరుగు మింద చూసినాడు గదా నాయిన. మల్లీ ఎప్పుడూ కారెక్కమని నన్ను అడగలా. బొరుగులంగడి దాకా పదిమార్లు నడిపిచ్చె గదా, కోళ్ళను తోలేదానికి అనుకుంటివా? నా నడకకు గేరు సరి చూసుకుంటాండె. ఆడపిల్ల కుంటతా వస్తాండాదని మెరవణి ఎవురు ఆపుతారు? కారు పోకుంటే అందరూ ఆగల్ల గదా.”

మరి నీ పెళ్ళికి ఆ కడ్డీ ఎందుకు వేయలేదే అన్నాను.

“నేను లోపల కూచోనుంటి గదే. ఇంగెవురి కోసరం ఏస్తాడు?”

నేను ఏడ్చానండీ. సిగ్గేముంది, ఈ వయసులో, ఆ పిల్లవాళ్ళ ముందర, మా నాయన నిన్ననే పోయినట్టు ఏడ్చాను. ఇన్నేళ్ళు ఆ కారు ముందు సీట్లో కూర్చున్నది నేను, స్టీరింగు పక్కనే ఆ కడ్డీని చూసింది నేను, ఆయన మనసు చదివింది మాత్రం బయట నడిచిన అక్క. నాయన ఒక్కనాడూ ఆమెతో ఆ మాట చెప్పలేదట, ఆమె కూడా ఆయన్ను అడగలేదట. అడిగితే బాగుండదని ఊరుకున్నానంది.

బెంగళూరు అబ్బాయి టార్చి ఆర్పి జేబులో పెట్టుకున్నాడు. ఇలాంటి కారు తన దగ్గర ఒక్కటీ లేదని, దీనికి టాపు పెడితే తనకే పాపం తగులుతుందని, పెళ్ళికి మాత్రం పిలవమనీ అన్నాడు. మా తమ్ముడి కొడుకు ఆ కుడి మడ్‌గార్డు మీది దుమ్మును అరచేత్తో తుడిచాడు. వాడికీ బతుకుతెరువు కావాలి, వాడి ఆశను కాదనడం మాకు ఇష్టం లేదు.

“అత్తా, ఇంజనూ గేరూ నేను ముట్టను. లైట్లన్నా ఏసుకోనిస్తారా?” అన్నాడు.

“ఏసుకోరా, ఊదావో పచ్చవో నీ ఇష్టం,” అంది అక్క. “కడ్డీ జోలికి వస్తివా, చెయ్యి ఇరగ్గొడతా.”

పెళ్ళి మొన్ననే అయింది. పొద్దు వాలుతుండగా పానకం కారు మైదుకూరు వీధిలోకి ఊదారంగు దీపాలతో వచ్చింది, చూడ్డానికి కాస్త వింతగానే ఉంది గానీ, అక్క చుట్టిన కనకాంబరాల దండలు దాన్ని మా కారుగా నిలబెట్టాయి. మేనకోడలు సింహాసనం మీద కూర్చుంది. తమ్ముడి కొడుకు స్టీరింగు ముందు కూర్చుని, నాయన లాగినట్టే రెండో కడ్డీ వెనక్కి లాగాడు. ముందు స్పీకర్ల పాటకు ఎగిరే కుర్రకారు, కారు వస్తోందనుకుని వీధి చివరిదాకా పోవడం, తిరిగి చూసుకుని నాలుక కరుచుకుని వెనక్కి రావడం. అక్క కుడి మడ్‌గార్డు పక్కన, ఒక చేత కర్ర, ఒక చేత పళ్ళెం. ఆమె పక్కన నేను, నా మోకాళ్ళ నొప్పులతో. మా వెనక మా ఈడు ఆడవాళ్ళంతా వచ్చి చేరారు, ఇన్నేళ్ళలో పెళ్ళి ఊరేగింపులో ఇంత సుఖంగా నడవలేదమ్మా అనుకుంటూ.

ఇప్పుడు పెళ్ళిళ్ళన్నీ కల్యాణ మండపాల్లోనే అయిపోతున్నాయి. గేటు దగ్గర కారు దిగితే, పొగలూ పూలవానా మధ్య వేదిక ఎక్కేస్తారు, మెరవణి అంటే అంతే. అందరికీ మళ్ళీ ఎక్కడికో పోవాలి. వెనక ఎవరు మిగిలిపోయారో చూసే తీరిక ఎవరికీ ఉండదు, నాకూ ఉండేది కాదు. మొన్న వీధి మలుపులో అక్క పళ్ళెంలో దీపం గాలికి రెపరెపలాడితే కొంగు అడ్డం పెట్టాను. చూస్తే, బొరుగుల అంగడి ఉండిన చోటు దాటి వచ్చేశాం. దీపం ఆరలేదు.