పడిపోయిన సైనికుడికి నీళ్ళు

మా స్టేడియం సైటులో పనివాళ్ళకు నీళ్ళు అందించే కాకాది జగిత్యాల వైపు ఊరు. ఎండలో ఎవరు కనబడినా "నీళ్లు తాగినవా బిడ్డా?" అని అడగనిదే ముందుకు కదిలేవాడు కాదు. సెలవు రోజున కూడా ఆయన చంకలో నీళ్ళ సీసా ఉండాల్సిందే.

వరల్డ్ కప్ పనులు జోరుగా సాగుతున్న రోజులవి. ఒక శుక్రవారం ఇద్దరం దోహాలో పాతకాలపు యుద్ధాలను ఆడి చూపించే ప్రదర్శనకు వెళ్ళాం. కత్తుల కాలం నుంచి తుపాకుల కాలం దాకా ఒక్కో కాలానికి ఒక్కో సైన్యం. చలికాలమే అయినా మధ్యాహ్నపు ఎండ చురుక్కుమంటోంది. ఇనుప కవచం తొడిగిన సైనికుడొకడు కత్తిపోటు తగిలినట్టు దబ్బున పడ్డాడు. జనం చప్పట్లు కొట్టారు. కాకా మాత్రం అడ్డుగా కట్టిన తాడు దాటి పరుగెత్తాడు.

"కాకా, ఆగండి! అదంతా ఆటండీ!" అని అరిచాను.

"ఏమో బిడ్డా! పోయిన ఎండకాలం సైటుల మనోడొకడు గిట్లనే పడ్డడు. ఉత్తగనే పండుకున్నడనుకున్నం," అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

సైనికుడి తల తన ఒళ్ళో పెట్టుకుని, నోటికి సీసా అందించాడు. చచ్చినవాడు కళ్ళు తెరిచాడు. కాసేపు కాకా ముఖంలోకి చూసి, లేచి కూర్చుని గటగటా తాగాడు. తాగి, మిగిలిన నీళ్ళు తనను పొడిచినవాడి చేతికిచ్చాడు.