బోర్డు మీద కండువా

మా ముత్తాత దేశ్‌ముఖ్. మంజీర ఒడ్డు ఊళ్ళ శిస్తంతా ఆయన చేతిమీదుగానే పోయేది. మా తాత ఊరి శిస్తు లెక్కలు చూసే మాలీపటేల్. తగవు తీర్చమని కోటగిరి నుంచి కూడా ఆయన దగ్గరికి బండ్లు కట్టుకుని వచ్చేవాళ్ళు. మా నాన్న మాట ఇస్తే కాగితం అడిగినవాడు లేడు. వాళ్ళ తర్వాత నేను. బాన్సువాడలో ఒక ప్రైవేటు బడిలో పదో తరగతికి జీవశాస్త్రం చెప్పేవాణ్ణి. ఇస్త్రీ చొక్కా, భుజాన కండువా లేకుండా ఒక్కనాడూ తరగతిలో అడుగుపెట్టలేదు.

బడికి పెద్ద డిజిటల్ బోర్డు వచ్చింది. దానితోపాటు పిల్లల ఇళ్ళలోని ఫోన్లకు పాఠాల వీడియోలూ వచ్చాయి. వీడియో చివరిదాకా నడిస్తే పాఠం పేరు పక్కన పచ్చ గుర్తు పడుతుంది. ఆ గుర్తులు ఎక్కువున్నవాళ్ళకు సోమవారం ప్రార్థనలో చప్పట్లు. పిల్లలు వీడియోలను రెట్టింపు వేగంతో పరిగెత్తించేవారు. చెప్పే గొంతు ఎలుక కిచకిచలా వినిపించేది. దాన్నే బడి చదువని పిలిచేది.

అందరికన్నా ఎక్కువ పచ్చ గుర్తులు కోటగిరి వైపు నుంచి షేర్ ఆటోలో వచ్చే ఒక ఆడపిల్లవి. రుద్రూర్‌లో వ్యవసాయ డిప్లొమా సీటు తెచ్చుకోవాలని ఆమె ఆశ. ప్రవేశ పరీక్ష గట్టెక్కకపోతే చదువు మాన్పిస్తానని తండ్రి ముందే చెప్పాడు. గుండె పాఠం అయ్యాక ఆ పిల్లను లేపాను.

"నెత్తురు ఊపిరితిత్తుల్లోకి ఎందుకు పోతుంది?"

"నీలంగ పోతది సార్, ఎర్రగ వస్తది."

"రంగు అడగలేదు. ఎందుకు పోతుంది?"

"వీడియో మొత్తం పచ్చగైంది సార్..."

"దాని గుండె గూడ పచ్చగైంది సార్!" అని వెనక బెంచీ నుంచి ఎవరో అన్నారు. తరగతంతా నవ్వింది. ఆ పిల్ల తల దించుకుంది.

తండ్రిని పిలిపించాను. దాచడానికేమీ లేదన్నట్టు చెప్పాడు.

"గా వీడియోలు నేనే నడిపిస్తున్న సార్. పొలం దున్నేటప్పుడు ఫోన్ ట్రాక్టర్ మీద పెడ్త. ఇంజన్ సప్పుడుకు ఏం ఇనబడది గని, అయిపోంగనే పచ్చగైతది. బిడ్డకు కూసోని చూసే యాష్ట తప్పుతది గదా!"

అతని మీద కోపం రాలేదు. చదువంటే ఇదేనని అతన్ని నమ్మించిన బడి మీద అసహ్యం వేసింది.

మర్నాటి నుంచి నా పద్ధతి మార్చాను. వీడియో వేసే ముందు, ఏం తెలుసుకోవడానికి చూస్తున్నారో పిల్లలే చెప్పాలి. కొంచెం నడిపి ఆపేవాణ్ణి. భుజం మీది కండువా తీసి బోర్డు మీద కప్పేవాణ్ణి. చూసింది సొంత మాటల్లో చెప్పాలి. చెప్పలేకపోతే ఎక్కడ తప్పిపోయారో వాళ్ళే పట్టుకోవాలి. అక్కడికే వెనక్కి తిప్పుతాను. రంగు పెన్సిళ్ళు బంద్. ఒట్టి పెన్సిల్‌తో గుండె గీసి, నెత్తురు దారి చూపాలి.

మొదట విసుక్కున్నారు. కొన్నాళ్ళకు ఆ పిల్లే చెయ్యెత్తి, "ఆపుండ్రి సార్, నేను గీడ తప్పిపోయిన" అంది. అక్కడ ఆపాలని నాకు ఎన్నడూ తోచలేదు. ఆ తర్వాత ఎక్కడ ఆపాలో చెప్పే పని పిల్లలకే వదిలేశాను.

బడి యజమాని ఎరువుల దుకాణం నుంచి చదువుల వ్యాపారంలోకి వచ్చినవాడు. ఒక పూట తరగతి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏంది సార్, బోర్డుకు బట్ట కప్పిన్రు? దానికి చలి పెడ్తుందా?"

"పిల్లలు ఆలోచిస్తున్నారు."

"ఆలోచన ఇంట్ల జేస్తరు. మీ క్లాసుల ఒక్క వీడియో పూర్తిగ నడుస్తలేదు. రేపు తల్లిదండ్రుల మీటింగ్‌ల నేనేం జూపియ్యాలె? ఇగ తియ్యుండ్రి దాన్ని."

"తీస్తే దానితోపాటు నేనూ పోతాను."

"గట్లనే కానియ్యుండ్రి, దొరా!" అని పళ్ళికిలించాడు.

ఆ 'దొరా'లోని వెటకారం పిల్లలక్కూడా తెలిసింది. కండువా తీసి, దులిపి, భుజాన వేసుకుని బయటికి నడిచాను.

పరీక్షదాకా ఆ పిల్ల సాయంత్రాలు మా ఇంటికి వచ్చింది. తండ్రి ఫోన్‌ను ట్రాక్టర్ మీది నుంచి తీసి ఆమె చేతికిచ్చాడు. నేను పక్కన కూర్చునేవాణ్ణి, అంతే. ఆపేది ఆమె, అరచేత్తో తెర మూసేది ఆమె, తనను తాను ప్రశ్న వేసుకునేది ఆమె. "గిది వచ్చింది. గిది రాలే. మళ్ళ చూస్త" అని తనలో తాను అనుకునేది. 'రాలే' అని తనంతట తాను చెప్పుకోగల పిల్ల ఆ బడిలో నాకు అంతకుముందు దొరకలేదు.

రుద్రూర్‌లో సీటు వచ్చింది. వారం తిరక్కుండా బస్టాండు ముందు బడివాళ్ళు ఫ్లెక్సీ కట్టారు. ఆ పిల్ల ఫోటో చిన్నది, చేతులు జోడించిన యజమాని ఫోటో పెద్దది, కింద తమ డిజిటల్ పాఠాల గొప్ప. దాని ముందు నుంచి పోయినప్పుడల్లా నోట్లో చేదు ఊరేది. రోడ్డు మీద ఉమ్మడం మా ఇంటావంటా లేదు కనుక మింగేవాణ్ణి.

మళ్ళీ ఏ బడి గడపా తొక్కలేదు. జీతం ఆగింది. ఆ ఎండాకాలం, తాత తగవులు తీర్చిన మా దివాన్‌ఖానా టేకు తలుపులు బోధన్ కలప వ్యాపారికి అమ్మేశాను.