వానంటే భయపడే పాపతో గుంటూరు ఆసుపత్రికి

ముందుగా తప్పులుంటే మన్నించండి. నా చదువు ఐదో తరగతితో ఆగింది. గుణింతాలు తడబడతాయి, చేతిరాతా బాగోదు. ఈ కాగితాలు చూసి మా ఆడపడుచు తన బ్లాగులో ఎక్కిస్తానంది. పిల్లల్ని తీసుకుని గుంటూరు వెళ్ళాల్సినవాళ్ళకు పనికొస్తుందని ఒప్పుకున్నాను.

మాది మార్టూరు దగ్గర పల్లె. మిరప మొదటి కోత కల్లంలో ఎండుతుండగా గాలివాన వచ్చి మా ఇంటి రేకులు లేచిపోయాయి. ఆ సమయానికి లోపల నాలుగేళ్ళ మా స్నేహ ఒక్కతే ఉంది. దెబ్బ తగల్లేదు గానీ ఆ రోజు నుంచి మాట తగ్గిపోయింది, పక్క తడుపుతోంది, మబ్బు పడితే మంచం కింద దూరుతోంది. పాస్టరు గారు ప్రార్థన చేశారు, పక్కింటివాళ్ళు తాయెత్తు తెచ్చి కట్టారు. చివరికి అంగన్‌వాడీ టీచరు గారు, పిల్లల భయాలు చూసే డాక్టరమ్మ గుంటూరులో ఉన్నారని చెప్పారు. మనసు డాక్టరంటే ఊరు ఏమనుకుంటుందోనని కొన్నాళ్ళు నోరెత్తలేదు.

ఉదయం ఏడింటికి షేరు ఆటోలో మార్టూరు చేరి, గుంటూరు బస్సెక్కాం. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్టు డబ్బులక్కర్లేదు. ప్రయాణం రెండు గంటలు. పక్క సీటులో పూలగంపతో ఉన్న పెద్దావిడ "పాపకేమైందమ్మా?" అనడిగింది.

"దగ్గండి" అన్నాను.

ఒళ్ళో ఉన్న స్నేహ నా మొహంలోకి చూసి, చిన్నగా దగ్గింది.

"అయ్యో, గొంతు పట్టేసింది చూడు. మిరియాలు నూరి తేనెలో నాకించు. ఫ్రిజ్జు నీళ్ళు తాపావా ఏంది?"

"లేదండి."

"తాపామని మీ తల్లులు చెప్తారా ఎక్కడన్నా" అని నవ్వింది. చిలకలూరిపేటలో దిగేదాకా ఆమె ఇటు తిరిగినప్పుడల్లా నా కూతురు దగ్గుతూనే ఉంది, నా మాట పోకుండా. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ బొమ్మలూ పూసలూ గుడ్డముక్కలూ ముందు పోసి, తనూ కిందే కూర్చున్నారు. స్నేహ ఎర్ర పూసలన్నీ కుప్పపోసి, పైన గుడ్డ కప్పి, అంచులు బిగించింది. ఆడపిల్ల బొమ్మను దూరంగా మూలన పెట్టింది.

"ఆ పాప ఒక్కతే కూర్చుందేం?" అన్నారు డాక్టరమ్మ.

"వాళ్ళమ్మ కాయల మీద పట్టా కప్పడానికి పోయింది. కదలొద్దంది."

గాలివాన తర్వాత అది అన్ని మాటలు కలిపి మాట్లాడటం అదే మొదలు. మా వైపు మబ్బు పడితే ఇంటిల్లిపాదీ కల్లానికి పరుగెత్తుతాం. ఏడాది తిండి అక్కడుంటుంది. నేనూ అందరిలాగే పరుగెత్తాను. అయినా తల కొట్టేసినట్టయింది.

"ఏడవకండమ్మా, కల్లానికి వెళ్ళక మీకు తప్పదు. ఈసారి వెంట తీసుకెళ్ళండి, చేతికేదైనా చిన్న పనివ్వండి. భయమెందుకు ఊరుకో అనకండి, భయమేసిందా అని అడగండి. పక్క తడిపితే తిట్టొద్దు. ఇంకో రెండుసార్లు రావాలి" అన్నారు.

సాయంత్రం ఊళ్ళో దిగేసరికే మబ్బు కమ్మింది. రెండో కోత కాయలు కల్లం నిండా ఉన్నాయి. స్నేహ నా చీర పట్టుకుని ఏడుపు లంకించుకుంది. "భయమేసిందా?" అంటే తలూపింది. చంకనెత్తుకుని కల్లానికి పరుగెత్తాను.

"పిల్లనెందుకు తెచ్చావే, ఒంటిచేత్తో ఏం కప్పుతావ్?" అని అత్తయ్య కేకేసింది.

"నాతోనే ఉంటుందత్తయ్యా."

నేను ఎదురు చెప్పటం ఆమె ఎప్పుడూ వినలేదు. ఓ వైపు కాయలు తడిసిపోయాయి. స్నేహ ఏడుస్తూనే పట్టా అంచు మీద కూర్చుంది. గాలికి అంచు లేస్తే రెండు చేతులతో అదిమి, "అమ్మా, రాయి తే" అంది.

ఊరి నోటికి జడిసి నేను ఆగిన అన్నాళ్ళూ అది మంచం కిందే ఉంది. అది తలుచుకుంటే నాకిప్పటికీ మొహం చెల్లదు. ఇప్పుడూ మబ్బు పడితే ఏడుస్తుంది, కానీ నా దగ్గరకొచ్చి ఏడుస్తుంది.

వెళ్ళేవాళ్ళు పొద్దున్నే ఆసుపత్రిలో చీటీ రాయించుకోండి, పిల్లలకు రెండు జతల బట్టలు పెట్టుకోండి. మా ఊరివాళ్ళ ఫోన్లోకి ఇది వస్తే మాత్రం, చదివి తీసెయ్యండి. స్నేహ పెద్దదయ్యాక నేనే చెప్పుకుంటాను.