ముప్పావు లీటరు ఎర్రనీళ్ళు

ఏళ్ళ తరబడి పురుళ్ళు పోస్తున్న మిడ్‌వైఫ్‌లకు శిక్షణ పాఠాలు తయారు చేసే పని అప్పగించేనాటికి నాకు ఇరవై ఏడేళ్ళు. డెబ్బైల చివరి రోజులు. కృష్ణా జిల్లా నుంచి నర్సింగ్ టీచరుగా విశాఖ వచ్చి ఏడాది కూడా కాలేదు. కాన్పు తర్వాత ఆగని రక్తస్రావం మీద రెండు వారాల పాఠాలు. నెల రోజులు కూర్చుని రాశాను.

నేనెవరికీ అక్కర్లేదని మొదటి రోజే తేలిపోయింది. డ్యూటీ మానిపించి బెంచీల మీద కూర్చోబెట్టారన్న కోపం అందరి మొహాల్లోనూ ఉంది. వాళ్ళలో పెద్దావిడ కంచరపాలెం నుంచి వచ్చింది. బోర్డు మీద ‘అర లీటరు దాటితే ప్రమాదం’ అని రాయగానే లేచి నిలబడింది.

“అమ్మా, నువ్వెన్ని పురుళ్ళు పోసినావు?”

చదువుకునే రోజుల్లో చేసినవి కలిపినా ముప్పై దాటవు. “అది ఇప్పుడు అనవసరం,” అన్నాను.

“మరేటి అవసరం? గుడ్డ సూసి సెప్పేత్తాను నాను, ఎంత పోయిందో. నీ లీటర్లు నాకెందుకు?”

అందరూ పకపకా నవ్వారు. మర్నాటి పాఠం నేర్పడానికి కాదు, ఆవిడని ఓడించడానికి సిద్ధం చేశాను.

నీళ్ళలో ఎర్ర రంగు కలిపి, కొలిచి, పాత చీర మీద పోసి ఉంచాను. ఎంత పోయిందో చెప్పమన్నాను. ఆవిడ ఒక్క చూపు చూసింది.

“పావు లీటరు. ఇంత అందరికీ అవుద్ది. భయం నేదు.”

నేను పోసింది ముప్పావు లీటరు. చెబితే నమ్మలేదు. ఆవిడ చేతే కొలిపించి, ఇంకో చీర మీద పోయించాను. రెండు చీరలూ ఒక్కలాగే తడిశాయి.

“చూశారుగా?” అన్నాను, అందరికీ వినపడేలా.

ఆవిడ ఆ చీర వంకే చూస్తూ ఉండిపోయింది. పక్కనున్నామెతో అంది: “పోర్టు కలాసీ పెళ్ళాం... తొలి కాన్పు. దానికీ ఇంతే పోనాదే. భయం నేదని నానే సెప్పినానే. తెల్లారేసరికి మనిసే నేదు.”

ఆవిడ నా వైపు తిరిగింది.

“ఇది సెప్పడానికి నన్ను అందరి ముందరా నిలబెట్టాలా?”

తడిసిన చీరలు తీసి బకెట్లో వేశాను.

ఆవిడ ఇక రాదనుకున్నాను. కానీ రెండు వారాలూ అందరికంటే ముందే వచ్చింది. గర్భసంచిని రెండు చేతుల మధ్య నొక్కిపట్టి రక్తం ఆపడం అందరికంటే బాగా నేర్చుకుంది. నాతో మాత్రం ఒక్క మాట లేదు. చివరి రోజు సర్టిఫికెట్ ఇవ్వబోతే చెయ్యి చాపలేదు. “బల్ల మీద ఎట్టు,” అంది.

తర్వాతి బ్యాచ్‌కి పాఠం మార్చాను. ఎవరి అంచనా వాళ్ళు చీటీ మీద పేరు లేకుండా రాసేవారు. నేను కొలిచి చూపించేదాన్ని. ఎవరూ ఎవరి ముందూ తలదించుకోనక్కర్లేదు.

కొన్ని నెలలకు బస్టాపులో ఆవిడ కనిపించింది. దగ్గరికెళ్ళి, “ఆ రోజు తప్పు చేశానమ్మా, క్షమించండి,” అన్నాను.

“లీటర్ల లెక్క నువ్వు సెప్పింది నిజిమే,” అంది, రోడ్డు వైపే చూస్తూ. “అందుకే నీ మొగం సూడనేను.”

బస్సు రాగానే ఎక్కేసింది. నేనూ ఎక్కాల్సిన బస్సే. ఎక్కలేదు.